పాత బ్రేకు భాగములు : కొనుటకు ముందు చూడవలసిన పొంతన

కారును కదిలించు యంత్రము చెడినచో కారు నిలిచిపోవును. మనకు కలుగు నష్టము కొంత కాలము, కొంత ధనము. కారును నిలుపు యంత్రము చెడినచో కారు నిలువదు. అప్పుడు కలుగు నష్టమునకు వెల కట్టుట ఎవరి తరమును కాదు. ఈ చిన్న భేదమును మనస్సునందు ఉంచుకొనినచో, పాత ఇంజను భాగమును కొనునప్పుడు చూపు ధైర్యమును పాత బ్రేకు భాగమును కొనునప్పుడు చూపరాదను సత్యము తేటపడును.

పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతమునకు ఈ విషయము మిక్కిలి సన్నిహితమైనది. రామచంద్రాపురములోని భారీ విద్యుత్ పరికరముల కర్మాగారము మొదలు జహీరాబాదులోని మహీంద్రా వాహన కర్మాగారము వరకు జాతీయ రహదారి పొడవునను పరిశ్రమలు వెలసినవి. ఆ పరిశ్రమలలో పనిచేయువారు పటేల్‌గూడ, బీరంగూడ, అమీన్‌పూర్ వంటి ఊళ్ళలో ఇండ్లు కట్టుకొనుచున్నారు. రాత్రి షిఫ్టు ముగిసిన పిదప బస్సు దొరకదు గనుక, ఎన్నో కుటుంబములు పది పండ్రెండు సంవత్సరములు నడచిన కారును కొనుక్కొనుచున్నవి. అట్టి కారునకు క్రొత్త భాగము వెల బరువనిపించును. అందుచేత సికింద్రాబాదు రాణీగంజ్‌కో, హైదరాబాదు గోషామహల్‌కో వెళ్ళి పాత భాగమును తెచ్చుకొందురు. విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుప్పేట, ఢిల్లీ మాయాపురి బజారులు ఇట్టివే. ఈ బజారులను నిందించుట ఈ వ్యాసకర్త ఉద్దేశము కాదు. పనికివచ్చు వస్తువును పారవేయకుండుట మంచి గుణమే. కాని దేనిని కొనవచ్చును, దేనిని కొనరాదు, కొనునప్పుడు ఏయే కొలతలు చూడవలెనను జ్ఞానము లేకుండ కొనుట మాత్రము మంచి గుణము కాదు.

ఒక అనుభవము

మా వీధిలోని ఒక మిత్రుని కారునకు ముందరి ఎడమ చక్రపు కాలిపరు బిగిసిపోయినది. ఆయన నగరమునకు పోయి అదే కంపెనీ, అదే మోడలు కారునుండి విప్పిన పాత కాలిపరును తెచ్చెను. బోల్టులు చక్కగా పట్టినవి. గొట్టము బిగిసినది. అయినను పెడలు మాత్రము దూదివలె మెత్తగా క్రిందికి దిగుచుండెను. రెండు సీసాల బ్రేకు నూనె పోసి గాలి తీసిరి, ఫలితము లేదు. నడుపగా నడుపగా సర్దుకొనునని ఎవరో చెప్పగా, ఆయన ఆ సాయంకాలము కుటుంబముతో బయలుదేరెను. బీరంగూడ కూడలివద్ద ముందరి ఆటో నిలువగా, మొదటిసారి త్రొక్కినప్పుడు బ్రేకు పడలేదు. రెండవసారి, మూడవసారి గబగబ త్రొక్కగా కారు ఆటోకు జానెడు దూరములో నిలిచినది. ఆ ఆటోలో బడినుండి వచ్చుచున్న పిల్లలు ఉండిరి.

మరునాడు ఒక వృద్ధ మెకానిక్కు చక్రము విప్పి చూచి నవ్వెను. "ఉస్తాద్, బోల్టులన్నీ సరిగానే పట్టినయ్ కదా?" అని నా మిత్రుడు అడిగెను. "బోల్టులు పట్టినయ్ సారూ, చెయ్యి మారింది. ఇది కుడి చక్రంది. గాలి తీసే నిపిలు కిందికి వచ్చింది చూడుండ్రి. గాలి ఎప్పుడూ మీదనే ఉంటది గదా, కింది నుంచి ఎట్ల పోతది?" అని ఆయన బదులు చెప్పెను.

బడి చదువు తక్కువైన ఆ ఉస్తాదు చెప్పిన మాటలో ఈ వ్యాసమంతయు ఇమిడియున్నది. పట్టిన భాగమంతయు పొసగిన భాగము కాదు. బోల్టు రంధ్రములు కలియుట పొంతనలో మొదటి మెట్టు మాత్రమే. బ్రేకు భాగమునకు మూడు విధములైన పొంతన ఉండవలెను: ఆకారములో పొంతన, బలములో పొంతన, వేడిని ఓర్చుటలో పొంతన. మొదటిది చేతికి తెలియును. రెండవది లెక్కకు తెలియును. మూడవది రహదారిమీద తెలియును. కాని అప్పటికి ఆలస్యమగును.

బ్రేకు చేయు పని

బ్రేకు వేగమును మాయము చేయదు. దానిని వేడిగా మార్చును. మన భౌతికశాస్త్ర పాఠములలో చలనశక్తి వేగము యొక్క వర్గమును అనుసరించి పెరుగునని చదివియున్నాము. 1,000 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవునప్పుడు దాని చలనశక్తి సుమారు 1 లక్ష 39 వేల జౌళ్ళు. గంటకు 100 కిలోమీటర్ల వేగమున అది సుమారు 3 లక్షల 86 వేల జౌళ్ళగును. వేగము రెండింతలైనను కాలేదు. వేడి మాత్రము దాదాపు మూడింతలైనది.

ఈ శక్తిలో నూటికి 70 పాళ్ళు ముందరి చక్రముల బ్రేకులే భరించుననుకొందము. ముందరి డిస్కు ఒక్కొక్కటి 4 కిలోల బరువున్నచో, గంటకు 100 కిలోమీటర్ల వేగమునుండి ఒక్కసారి నిలిపినంతనే రెండు డిస్కుల ఉష్ణోగ్రత సుమారు 73 డిగ్రీలు పెరుగును. అరుగుటచేత ఆ డిస్కు బరువు 3.4 కిలోలకు తగ్గినచో పెరుగుదల 86 డిగ్రీలగును. చల్లారకముందే మరల మరల బ్రేకు వేసినచో ఈ సంఖ్యలు ఒకదానిమీద ఒకటి పేరుకొనును. అరిగిన పాత డిస్కును కొనువాడు ఇనుమును మాత్రమే కాదు, వేడిని దాచుకొను శక్తిని కూడ తక్కువగా కొనుచున్నాడు.

ముందుగా జాడ తెలియవలెను

బజారునకు పోవుటకు ముందు మన కారు ఏదియో మనకు స్పష్టముగా తెలియవలెను. మోడలు పేరు చాలదు. ఒకే పేరుతో పది సంవత్సరములు అమ్ముడైన కారునకు నడుమ బ్రేకులు మారియుండవచ్చును. పెట్రోలు కారునకు ఒక డిస్కు, బరువైన డీజిలు కారునకు మరొక డిస్కు ఉండవచ్చును. కావున రిజిస్ట్రేషను పత్రములోని తయారీ నెల, సంవత్సరము, ఛాసిస్ నంబరు వ్రాసికొనవలెను. నేటి కార్ల ఛాసిస్ నంబరులో 17 అక్షరములు, అంకెలు కలిసియుండును. మొదటి మూడును తయారీదారును తెలుపును: ఎం.ఏ.3 అనగా మారుతి, ఎం.ఏ.ఎల్. అనగా భారతదేశపు హ్యుందాయ్, ఎం.ఏ.టి. అనగా టాటా. ఈ నంబరును కంపెనీ విడిభాగముల దుకాణములో చూపినచో, ఆ కారునకు తగిన భాగము యొక్క నంబరును వారు చెప్పగలరు. ఆ నంబరే మన పొంతనకు మూలాధారము.

భాగముల నంబరులకు కూడ ఒక వ్యాకరణము కలదు. హ్యుందాయ్ నంబరులలో మొదటి ఐదు అంకెలు భాగము యొక్క జాతిని తెలుపును. 51712 అనగా ముందరి డిస్కు. 58101 అనగా ముందరి ప్యాడుల జత. తరువాతి ఐదు స్థానములు అది ఏ కారుదో తెలుపును. మొదటి ఐదు కలిసినవని సంతోషించుట మనిషి పేరును వదలి ఇంటిపేరును మాత్రమే చూచి సంబంధము కుదుర్చుకొనుట వంటిది. మరియొక సంగతి: కంపెనీలు అప్పుడప్పుడు పాత నంబరును రద్దుచేసి దాని స్థానమున క్రొత్త నంబరును ఇచ్చుచుందురు. కావున నంబరులు వేరైనంత మాత్రమున పొంతన లేదనియు అనరాదు. ఒకటి మరొకదానికి బదులుగా వచ్చినదా అని విచారింపవలెను.

డిస్కు కొలతలు

డిస్కునకు ఆరు కొలతలు చూడవలెను: బయటి వ్యాసము, మందము, మొత్తము ఎత్తు, నడిమి రంధ్రపు వ్యాసము, బోల్టు రంధ్రముల సంఖ్య, ఆ రంధ్రముల వలయపు వ్యాసము. ఇవి గాక, అది గాలి సందులు గలదా, గట్టి పలక వంటిదా అనునది చూడవలెను.

నాలుగు రంధ్రములున్నచో వలయపు వ్యాసమును కొలుచుట సులభము. ఒక రంధ్రపు ఎడమ అంచునుండి దానికి సరిగా ఎదుటనున్న రంధ్రపు ఎడమ అంచువరకు కొలిచినచో అదే వ్యాసము. ఐదు రంధ్రములున్నచో ఎదుటెదుట రంధ్రములుండవు. అప్పుడు ప్రక్కప్రక్కనున్న రెండు రంధ్రముల నడుమ దూరమును ఇదే పద్ధతిలో కొలిచి 1.701 చేత గుణింపవలెను. ఫియట్ వారి పెక్కు కార్లలో ఈ వలయము 98 మిల్లీమీటర్లు. జపాను, కొరియా చిన్నకార్లలో పెక్కింటికి 100 మిల్లీమీటర్లు. భేదము 2 మిల్లీమీటర్లే గనుక కన్ను మోసపోవును. బలవంతముగా బిగించినచో బోల్టు వంకరగా నిలిచి, దాని తల సరిగా ఆనక, నడకలో వదులగును.

ఎత్తు కొలతను మన మెకానిక్కులలో పలువురు విడిచిపెట్టుదురు. హబ్బు మీద ఆను ముఖమునుండి డిస్కు పళ్ళెము ఎంత దూరములో ఉన్నదో అది నిర్ణయించును. 2 లేక 3 మిల్లీమీటర్లు తేడా వచ్చినను డిస్కు కాలిపరు నడుమనుండి ప్రక్కకు జరుగును; ఒక ప్యాడు త్వరగా అరుగును, లేక డిస్కు కాలిపరు చట్రమును ఒరయును.

మందమునకు హద్దు డిస్కు మీదనే ఉండును. అంచున గాని నడిమి గిన్నె భాగమున గాని 'మిన్. టి.హెచ్.' అను గుర్తుతో ఒక సంఖ్య పోతపోసియో, చెక్కియో ఉండును. అంతకంటె పలుచనైన డిస్కును వాడరాదు. ఈ హద్దు అమ్ముడగు స్థితికి హద్దు కాదు. పారవేయు స్థితికి హద్దు. దానికి దగ్గరగా నున్న డిస్కును కొనుట కొన్ని నెలలలో పారవేయుటకు కొనుటయే.

కొలుచుటలో ఒక చిక్కు కలదు. అరిగిన డిస్కు అంచున అరగని గట్టు మిగిలియుండును. వెర్నియరు దవడలు ఆ గట్టుమీద ఆనినచో మందము ఎక్కువగా కనబడును. మైక్రోమీటరు ఉన్నచో గట్టునకు లోపల కొలవవచ్చును. లేనిచో డిస్కునకు ఇరువైపుల రెండు నాణెములను ఉంచి వెర్నియరుతో కొలిచి, నాణెముల మందమును తీసివేయవలెను. ఇట్లు నాలుగైదు చోట్ల కొలువవలెను. చోటుచోటునకు మందము మారినచో పెడలు కాలిక్రింద అదురును.

డ్రమ్ములు, షూలు

ఉత్పత్తి 2014లో ఆగిన అంబాసిడర్ వంటి పాత కార్లను విడిచినను, నేటి చిన్నకార్లలో సైతము వెనుక చక్రములకు డ్రమ్ములే ఎక్కువ. డిస్కు అరిగినచో పలుచనగును. డ్రమ్ము అరిగినచో లోవ్యాసము పెరుగును. కావున దీనికి గరిష్ఠ వ్యాసమే హద్దు. అదియు డ్రమ్ము మీదనే వ్రాయబడియుండును. 180 మిల్లీమీటర్ల డ్రమ్మునకు 182 హద్దని వ్రాసియున్నచో, 182.5 వచ్చిన డ్రమ్ము ఎంత నున్నగా మెరయుచున్నను తిరిగి ఇచ్చివేయవలెను. లేతుమీద మరల కోసిన డ్రమ్ములే ఎక్కువ మెరయునని విద్యార్థులు గ్రహింపవలెను. వ్యాసము పెరిగిన డ్రమ్ములో క్రొత్త షూ నడుమ మాత్రమే ఆనును, కొనలు ఆనవు. లోవ్యాసమును మూడు దిక్కులలో కొలువవలెను. కొలతలు వేరైనచో డ్రమ్ము గుండ్రదనమును కోల్పోయినదని అర్థము.

బలములో పొంతన

పాస్కల్ సూత్రము ఇచ్చట మనకు దారి చూపును. పెడలును త్రొక్కిన బలమును మాస్టరు సిలిండరు నూనె పీడనముగా మార్చును. ఆ పీడనమును కాలిపరు పిస్టను మరల బలముగా మార్చును. పీడనము మాస్టరు సిలిండరు వైశాల్యమునకు విలోమముగాను, ప్యాడు మీది బలము కాలిపరు పిస్టను వైశాల్యమునకు అనులోమముగాను ఉండును. వైశాల్యము వ్యాసపు వర్గమును అనుసరించును గనుక, వ్యాసములోని చిన్న భేదము బలములో పెద్ద భేదమగును.

ఒక ఉదాహరణము. 19.05 మిల్లీమీటర్ల మాస్టరు సిలిండరు స్థానమున 22.22 మిల్లీమీటర్లది బిగించితిమనుకొందము. బయటికి రెండును ఒకే తీరుగా కనబడవచ్చును, బోల్టులును పట్టవచ్చును. కాని వైశాల్యము 1.36 రెట్లైనది. అదే బలముతో త్రొక్కినచో పీడనము నాలుగవ వంతునకు పైగా తగ్గును. విచిత్రమేమనగా, ఈ కారు పెడలు మునుపటికంటె గట్టిగా, ఎత్తుగా నిలుచును. తెలియనివాడు "బ్రేకు బాగుపడినది" అని సంతోషించును! గట్టి పెడలు మంచి బ్రేకునకు నిదర్శనము కాదని దీనివలన తెలియుచున్నది.

కాలిపరు విషయము కూడ ఇట్టిదే. పిస్టను వ్యాసము 48 మిల్లీమీటర్లకు బదులు 51 ఐనచో బలము నూటికి సుమారు 13 పాళ్ళు పెరుగును. రెండు ప్రక్కల అట్లే ఉన్నచో పెడలు కొంత లోతుగా దిగును. ఒక ప్రక్క 48, మరియొక ప్రక్క 51 ఉన్నచో, గట్టిగా బ్రేకు వేసినప్పుడు కారు ఒక ప్రక్కకు లాగును. తడి రోడ్డుమీద ఇది ప్రాణాంతకము. కావున కాలిపరును కొనునప్పుడు ఎడమయా కుడియా, బిగించిన తరువాత గాలి తీయు నిపిలు పైకి వచ్చునా, పిస్టను వ్యాసమెంత, జారు పిన్నులు కదలుచున్నవా, పిస్టను మీద త్రుప్పు గుంటలున్నవా అను ఐదు ప్రశ్నలకు జవాబు దొరకవలెను.

బూస్టరును మార్చినప్పుడు దాని ముందరి కడ్డీ పొడవును సరిచూడవలెను. కడ్డీ పొడవైనచో మాస్టరు సిలిండరు పూర్తిగా వెనుకకు రాదు. నూనె తిరిగి వచ్చు సన్నని రంధ్రము మూసికొనిపోయి, వేడితో పీడనము పెరిగి, బ్రేకులు వాటంతట అవియే పట్టుకొనును. పొట్టిదైనచో పెడలులో ఖాళీ నడక ఎక్కువగును. బూస్టరు పనిచేయుచున్నదా అని తెలిసికొనుటకు ఇంజను ఆపి పెడలును నాలుగైదుసార్లు త్రొక్కి, త్రొక్కి పట్టియే ఇంజను నడుపవలెను. పెడలు కొంచెము క్రిందికి దిగినచో బూస్టరు సజీవముగా నున్నది.

మరలు, నూనె, రబ్బరు

బ్రేకు గొట్టముల నట్లలో రెండు జాతులు మనకు తరచుగా తగులును. ఒకటి 10 మిల్లీమీటర్ల వ్యాసము, 1 మిల్లీమీటరు మర గలది. రెండవది అంగుళములో ఎనిమిదింట మూడు వంతుల వ్యాసము, అంగుళమునకు 24 మరలు గలది. దాని వ్యాసము 9.53 మిల్లీమీటర్లు. సన్నని అంగుళపు నట్టు మిల్లీమీటరు రంధ్రములో దూరును, కొంతవరకు బిగియును కూడ. కాని అది మరల శిఖరములను మాత్రమే పట్టుకొనియుండును. అత్యవసర సమయమున బలముగా త్రొక్కినప్పుడు అది ఊడివచ్చుటకు అవకాశము కలదు. కనుక నట్టును ముందుగా పానా లేకుండ వ్రేళ్ళతో ఐదారు చుట్లు త్రిప్పవలెను. సునాయాసముగా, ఊగిసలాట లేకుండ పోయినచో అది సొంత జత. గొట్టపు కొన రెట్టించి మడిచిన గరాటు ఆకారమా, బుడగ ఆకారమా అనునది కూడ చూడవలెను. ఒకదాని స్థానమున మరొకటి నిలువదు, కారును.

నూనె విషయములో మూత మీది అంకెయే ప్రమాణము. డాట్ 3 నూనె తాజాగా ఉన్నప్పుడు కనీసము 205 డిగ్రీలవరకు, డాట్ 4 నూనె కనీసము 230 డిగ్రీలవరకు మరుగక నిలువవలెను. నీటిని పీల్చుకొనిన పిదప ఈ హద్దులు 140, 155 డిగ్రీలకు దిగజారును. మరిగిన నూనెలో ఆవిరి బుడగలు పుట్టి పెడలు నేలనంటును. డాట్ 5 అనునది సిలికాన్ జాతికి చెందినది. దానిని వీనితో కలుపరాదు. మన కార్ల బ్రేకు రబ్బరులకు పెట్రోలు, కిరోసిన్, ఇంజను నూనె విషతుల్యములు. వానితో కడిగిన కాలిపరు శుభ్రముగా కనబడును. లోపలి రబ్బరు ఉబ్బి పాడైపోవును. పాత కాలిపరు మీద కిరోసిన్ వాసన వచ్చినచో లోపలి రబ్బరులన్నియు మార్చవలసినవేనని లెక్కించుకొనవలెను.

క్రొత్త కాలపు కార్లు

మన దేశమున 2019 ఏప్రిల్ నుండి తయారైన కార్లన్నింటికి చక్రము బిగిసిపోకుండ కాపాడు ఏ.బి.ఎస్. తప్పనిసరియైనది. ఈ కార్లలో చక్రముతోపాటు తిరుగు పండ్లచక్రమో, అయస్కాంతపు వలయమో కలదు. దాని పండ్లను లెక్కించి యంత్రపు మెదడు వేగమును గ్రహించును. 48 పండ్లకు బదులు 44 పండ్లున్నది బిగించినచో, కారు 60 కిలోమీటర్ల వేగమున పోవుచుండగా ఆ చక్రము 55తో మాత్రమే తిరుగుచున్నదని మెదడు భ్రమించును. చక్రము జారుచున్నదని తలచి, అవసరము లేనిచోట బ్రేకును వదలును. కనుక హబ్బు, బేరింగు, డ్రమ్ము వంటివి కొనునప్పుడు పండ్లను లెక్కింపవలెను. అయస్కాంతపు వలయమైనచో నంబరు కలియకుండ కొనరాదు.

కొనదగినవి, కొనదగనివి

హద్దులోపల మందమున్న డిస్కు, హద్దులోపల వ్యాసమున్న డ్రమ్ము, కాలిపరు చట్రము, క్రొత్త రబ్బరులు వేసికొనుటకు అనువైన కాలిపరు, షూలు ఆను వెనుక పలక, పరీక్షించిన బూస్టరు — వీనిని పాతవి కొనవచ్చును.

ప్యాడులు, షూలు, రబ్బరు గొట్టములు, రబ్బరు సీళ్ళు, వీలు సిలిండర్లు, తెరచిన సీసాలోని నూనె — వీనిని ఎంత చౌకగా వచ్చినను పాతవి కొనరాదు. ప్యాడు ఎంత వేడిని చూచినదో, దానిలోనికి నూనె ఇంకినదో లేదో కంటికి తెలియదు. రబ్బరు గొట్టము బయటికి బాగుండి లోపల పొర విడిపోయియుండవచ్చును. మాస్టరు సిలిండరు కూడ సాధ్యమైనంతవరకు క్రొత్తదే కొనుట ఉత్తమము. పైగా పాత లైనింగులలో రాతినార ఉండుటకు అవకాశము కలదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరము. దానిని గాలిగొట్టముతో ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను. గ్యారేజీలలో పనినేర్చుకొను చిన్నవారికి ఈ మాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది.

బజారులో పరీక్ష

పాత భాగమును విప్పి వెంట తీసికొనిపోవుట అన్నింటికంటె మంచి పద్ధతి. సాధ్యము కానిచో కొలతలను ఒక కాగితముమీద వ్రాసి, ఛాయాచిత్రములతో సహా తీసికొనిపోవలెను. వెర్నియరు, చిన్న టార్చిలైటు, సుద్దముక్క, గుడ్డపేలిక వెంట ఉండవలెను.

పోతయినుప డిస్కును వ్రేలికి తగిలించి చిన్న సుత్తితో మెల్లగా కొట్టినచో, పగులు లేనిది గంటవలె మ్రోగును. పగిలినది బొంగురు ధ్వని చేయును. అనుమానమున్నచోట కిరోసిన్ పూసి, కొంతసేపు ఆగి, బాగుగా తుడిచి, సుద్దపొడి రుద్దినచో పగులులోని కిరోసిన్ పైకి వచ్చి సన్నని గీతగా కనబడును. ఈ కిరోసిన్ పరీక్ష రబ్బరులేని ఇనుప భాగములకు మాత్రమే తగును. డిస్కు మీద నీలి మచ్చలున్నచో అది మితిమీరిన వేడికి గురియైనదని అర్థము. డిస్కులను, కాలిపర్లను ఒకే ఇరుసుకు జతగా కొనుట క్షేమము.

రశీదు అడుగుటకు సిగ్గుపడరాదు. ఏ కారునుండి విప్పినదో, పొసగనిచో తిరిగి తీసికొందురో లేదో దానిమీద వ్రాయించుకొనవలెను. దొంగసొత్తని తెలిసి కొనుట నేరము. అడుగక కొనుట ఆ నేరమునకు పొరుగిల్లు. కాలము చెల్లిన వాహనములను నియమబద్ధముగా విప్పుటకు కేంద్ర ప్రభుత్వము 2021లో నిబంధనలను చేసినది. అట్టి నమోదైన కేంద్రమునుండి వచ్చిన భాగమునకు ఊరు, పేరు ఉండును.

బిగించిన పిమ్మట

పని ముగిసినంతనే రోడ్డెక్కరాదు. చక్రమును చేతితో త్రిప్పి ఒరయుట లేదని చూడవలెను. ఇంజను నడుచుచుండగా పెడలును ఒక నిమిషముపాటు గట్టిగా త్రొక్కి పట్టవలెను. మెల్లమెల్లగా దిగినచో ఎక్కడనో కారుట కలదు. తరువాత సమతలమైన ఖాళీ స్థలములో గంటకు 10 కిలోమీటర్ల వేగమునుండి, ఆపై 20 నుండి నిలిపి చూడవలెను. ఐదు కిలోమీటర్లు మెల్లగా నడిపిన పిదప నాలుగు చక్రముల దగ్గర చేయి ఉంచి, తాకకుండ, వేడిని పోల్చవలెను. ఒకే ఇరుసున ఒక చక్రము మిక్కిలి వేడిగా నున్నచో అచ్చట బ్రేకు విడువకున్నది. ఈ పరీక్షలకు అరగంట పట్టును. మా మిత్రుడు ఆ అరగంటను వెచ్చించియున్నచో బీరంగూడ కూడలిలో ఆయనకు ఆ గండము తప్పియుండెడిది.

ముగింపు

విద్యార్థి సోదరులారా, సోదరీమణులారా! మనము తరగతిగదిలో పాస్కల్ సూత్రమును కంఠస్థము చేయుదుము. వెర్నియరుతో ఇనుపగుండు వ్యాసమును కొలిచి రికార్డు పుస్తకములో వ్రాయుదుము. ఆ సూత్రము, ఆ పరికరము పరీక్షతో ముగిసిపోవునని తలచుట పొరపాటు. మీ తండ్రిగారో, అన్నగారో పాత కారునకు భాగము కొనుటకు బయలుదేరునప్పుడు, వెర్నియరు పట్టుకొని వెంట వెళ్ళుడు. ఇంటికి మీ చదువు ఉపయోగపడు ఘడియ అదియే. కళాశాల పాలక సంఘమువారు కూడ ప్రయోగశాలలో అరిగిన డిస్కు ఒకటి, కోసిన డ్రమ్ము ఒకటి, రెండు వ్యాసముల మాస్టరు సిలిండర్లు ఉంచినచో, స్వల్ప వ్యయముతో గొప్ప పాఠము చెప్పినవారగుదురు.

పాత వస్తువును కొనుటలో లోపము లేదు. అడుగక, కొలువక కొనుటలోనే లోపము కలదు. బోల్టు పట్టినదని సంతసింపక, బలము పొసగినదా, వేడిని ఓర్చునా అని మరి రెండు ప్రశ్నలు వేయుట నేర్చుకొందము. ఆ రెండు ప్రశ్నలకు దుకాణములో పట్టు కాలము పది నిమిషములు. మన ముందు పోవు ఆటోలోని పసిపిల్లలకు ఆ పది నిమిషములను మనము బాకీపడియున్నాము.